అప్‌డేట్: నాన్నకు మాట పోయింది, మతి పోలేదు

పక్షవాతం వచ్చాక నాన్నకు మాట రావడం లేదు, మతి తప్పిందా అని రెండు నెలల కిందట అడిగాను. స్పీచ్ థెరపిస్టుకు చూపించమన్న వారికి కృతజ్ఞతలు. మతి నిక్షేపంగా ఉంది. దీన్ని బ్రోకా అఫేజియా అంటారట, అంటే చెప్పాలనుకున్నది తెలిసినా మాట పెగలకపోవడం. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు, ‘టాన్’ అన్న ముక్క తప్ప దాదాపు ఏమీ పలకలేని రోగి చనిపోయాక మెదడును పరీక్షిస్తే, మాట పలికించే ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉందట. (చెవుడు అనుకుని నాన్న ముందు అరుస్తున్న బంధువులకు ఇదంతా ఎవరు చెప్పాలి!)

అసలు విచిత్రం వేరే ఉంది. నాన్న ముప్పయ్యేళ్లు బస్సు కండక్టరు. ‘నీళ్లు’ అనబోయి ‘నీ... నీ...’ దగ్గరే ఆగి, విసుగుతో గ్లాసు తోసేస్తారు. నేను ‘నల్గొండ’ అని అందిస్తే మాత్రం ‘కనగల్, కొండమల్లేపల్లి, దేవరకొండ’ గడగడా వచ్చేస్తాయి. నోటికి పట్టిన వరసలు, అంకెలు, పాటలు ఇలా మిగలడం మామూలేనట. ‘కొండమల్లేపల్లి’ ఒక్కటీ విడిగా అనమంటే రాదు.

నిన్న ‘నీళ్లు’ పూర్తిగా అన్నారు. సాయంత్రం టీకీ ‘నీళ్లు’ అనే అడిగారు. అమ్మ టీయే ఇచ్చింది.