నెస్టోర్ అల్మెండ్రోస్ సంధ్యవెలుగు షాట్లు: స్టాపుల లెక్క (చర్చ)

రీల్‌డబ్బా: డేస్ ఆఫ్ హెవెన్ సినిమాలో ఛాయాగ్రాహకుడు నెస్టోర్ అల్మెండ్రోస్ పొద్దు గుంకాక తీసిన షాట్లు అంత తక్కువ స్పీడు (ఎక్కువ వెలుగు అడిగే) నెగెటివ్ మీద ఎలా వచ్చాయి? మాకూ ఫిల్మ్ మీదే తీయాల్సిన అలాంటి సీను ఒకటుంది.

లైట్‌మీటర్_17: ఒక్క కిటుకు కాదండీ, వరుసగా చాలా ఉన్నాయి. స్టాక్ (ఫిల్మ్) ఈస్ట్‌మన్ 5247, స్పీడు 100 ఏఎస్ఏ. ల్యాబ్‌లో పుష్ చేయించి (ఎక్కువసేపు డెవలప్ చేయించి) 200గా, ఒక్కోసారి 400గా వాడారు. వెలుగు తగ్గేకొద్దీ ఐరిస్ (లెన్స్ రంధ్రం) పూర్తిగా తెరవడం, తర్వాత టీ1.1 (టీ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుగు రానిస్తుంది) పానావిజన్ 55 ఎంఎం లెన్స్ ఎక్కించడం, ఆపైన 85 ఫిల్టర్ (పగటి వెలుగులోని నీలాన్ని తగ్గించే నారింజ అద్దం) తీసేయడం. చివరికి సెకనుకు మామూలు 24 బదులు 12, 8 ఫ్రేములకు దిగి, నటుల్ని మెల్లగా కదలమనడం.
టీ2 నుంచి టీ1.1కి వచ్చిన లాభం స్టాపుల్లో (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం): ఒకటీ ముప్పావు. ఫిల్టర్‌తో మూడింట రెండు వంతులు, ఒక పుష్‌తో ఒకటి, 12 ఫ్రేములతో ఒకటి. మొత్తం నాలుగున్నరకు దగ్గర.

గ్రెయిన్‌ప్రియ: 85 తీయడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. టంగ్‌స్టన్ స్టాక్ (బల్బు వెలుగుకు చేసిన ఫిల్మ్) కాబట్టి నీలం పొర నిండుగా, ఎరుపు పొర పలచగా పడుతుంది. ఎక్స్‌పోజర్ సరిపడా ఉంటే ప్రింటింగ్‌లో సరిచేయొచ్చు. ఎక్స్‌పోజర్ కూడా తక్కువైతే నీడల్లో ఎరుపు సమాచారమే ఉండదు, ఏ కలరిస్టూ తేలేడు. పుష్ అయితే కాంట్రాస్టూ ఫాగూ (నెగెటివ్ మీద మసక) పెంచుతుంది. అందుకే రెండూ ఒకే షాట్‌లో వాడేముందు టెస్ట్ రోల్ తప్పనిసరి.

పల్లెటూరి_ఫ్రేము: 12 ఫ్రేముల్లో మనిషి మెల్లగా నడుస్తాడు గానీ పొగ, గాలికి ఊగే గడ్డి, గుర్రం మన మాట వినవు. ఫ్రేములో అవి ఉంటే రెట్టింపు వేగంతో దొరికిపోతారు.

రీల్‌డబ్బా: అంతా సహజమైన వెలుగేనా మరి?

లైట్‌మీటర్_17: కాదు. రాత్రి సీన్లలో చేతి లాంతర్లలో విద్యుత్ బల్బులు పెట్టి, వైర్లు బట్టల కిందుగా నడుముకు కట్టిన బ్యాటరీలకు కలిపారు. మంటల వెలుగుకు ప్రొపేన్ బర్నర్లు. ఆయన పట్టుదల సహజత్వం మీద కాదు, వెలుగు ఎక్కడినుంచి వస్తోందో ప్రేక్షకుడికి నమ్మకం కలగడం మీద. పగటి ఎదురువెలుగు షాట్లలోనూ ఫిల్ (నీడలు నింపే లైటు) వాడకుండా, ఆకాశం రీడింగుకీ ముఖం రీడింగుకీ నడుమ ఎక్స్‌పోజర్ పెట్టేవారు.

ఆర్క్‌లైట్: ఈ అలవాటు ఫ్రాన్స్‌నుంచి వచ్చింది. అల్మెండ్రోస్ 1930లో బార్సిలోనాలో పుట్టి, 1948లో క్యూబా వెళ్లి, రోమ్‌లో చదివి, పారిస్‌లో దర్శకులు రోమెర్‌కీ ట్రూఫోకీ తక్కువ లైట్లతో పనిచేశారు. కిటికీ బయట అద్దాలు పెట్టి ఎండను గదిలోకి మళ్లించేవారు. అమెరికాలో యూనియన్ నిబంధనల వల్ల కెమెరా తానే ఆపరేట్ చేసే వీలు పోయింది. గాఫర్లు (లైటింగ్ బృంద నాయకులు) పెట్టిన లైట్లు ఆర్పేయిస్తుంటే సిబ్బందికి మింగుడుపడలేదు. ఇంతా చేస్తే 1979లో ఆయనకు ఆస్కార్ వచ్చింది డేస్ ఆఫ్ హెవెన్‌కే. ట్రూఫో సినిమా ముందే ఒప్పుకోవడంతో మధ్యలో వెళ్లాల్సివస్తే మిగతాది మరో ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ తీశారు.

పల్లెటూరి_ఫ్రేము: ఒక హెచ్చరిక. ఆ సినిమా తీసింది కెనడాలోని ఆల్బర్టాలో. అక్కడ వేసవి చివర సివిల్ ట్విలైట్ (పొద్దు గుంకాక ఇంకా చూపు ఆనేంత వెలుగుండే వేళ) అరగంట దాటుతుంది, హైదరాబాద్‌లో 22 నిమిషాలు. ఆ వ్యవధిలో ఏడు స్టాపులు పడిపోతాయి, అంటే మనకు సగటున మూడు నిమిషాలకో స్టాప్. రెండో టేకుకు ముందు మీటర్ మళ్లీ చూడాల్సిందే. టీ1.1లో ఫోకస్ లోతు వేలెడే కాబట్టి మార్కులు, ట్రాక్, లెన్స్ మార్పు క్రమం అన్నీ పగలే రిహార్సల్ చేసి, వైడ్ షాట్ ముందు, క్లోజప్ చివర పెట్టుకోండి. క్లోజప్‌కి థర్మకోల్ మీద చిన్న లైటు కొట్టి మ్యాచ్ చేసుకోవచ్చు, వైడ్‌కి ఆ దారి లేదు.