అప్‌డేట్: నడుం నొప్పి, తొడ తిమ్మిరి - కారణం తేలింది

రెండు నెలల కిందట నడుం నొప్పి, కుడి తొడ బయటివైపు తిమ్మిరి, మంట అని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బెల్ట్ బిగుతేమో చూడమన్నవారి మాట విని అప్పుడు నవ్వుకున్నాను. చివరికి అదే నిజమైంది! న్యూరాలజిస్ట్ సూదితో గుచ్చి చూశారు. స్పర్శ తగ్గింది తొడ బయటి భాగంలోనే. కాలి బలం, మోకాలి రిఫ్లెక్స్ (చిన్న సుత్తితో తడితే కాలు ఎగరడం) మామూలుగానే ఉన్నాయి. గజ్జ దగ్గర, తుంటి ఎముక ముందుభాగంలో, చర్మానికి వెళ్లే ఒక నరం నొక్కుకుపోతోందట. పేరు మెరాల్జియా పరెస్తెటికా. ఈ ఏడాది పెరిగిన పొట్ట, అదే పాత బెల్ట్. ఇంకేం కావాలి?

ఎమ్మారైలో నడుము కింది వెన్నుపూసలు ఎల్4-ఎల్5 దగ్గర కొంచెం డిస్క్ బల్జ్ (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు బయటికి ఉబ్బడం) కనిపించి వారం రోజులు నిద్రపోలేదు. నా తిమ్మిరికి దానితో సంబంధం లేదన్నారు. విటమిన్ బీ12, షుగర్ నార్మల్. నడుం నొప్పి వేరే సంగతి, కండరాల పట్టు, ఫిజియోథెరపీతో తగ్గింది.

బెల్ట్ మానేసి వదులు ప్యాంట్లు వేసుకుంటున్నా, నాలుగు కిలోలు తగ్గాను. ఆరు వారాలకు మంట పోయింది, తిమ్మిరి అరచేయంత మిగిలింది.

మూత్రం ఆగకపోయినా, రాకపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా మాత్రం నాలా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లమని డాక్టర్ గట్టిగా చెప్పారు.