ఒక్క ఫ్లాష్‌తో పోర్ట్రెయిట్: పదడుగుల గదిలో గొడుగు ఎక్కడ నిలబెట్టాలి?

నాగావళి_గట్టు:
శ్రీకాకుళంలో 10×10 గది, లేత ఆకుపచ్చ గోడలు. ఉన్నవి ఒక ఫ్లాష్, రేడియో ట్రిగ్గర్ (వైరు లేకుండా ఫ్లాష్‌ని వెలిగించేది), ఫ్లాష్ వెలుగుని మెత్తబరిచే 43 అంగుళాల తెల్ల గొడుగు, ఒక స్టాండు. ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించి పక్కన పెట్టినా మొహం చదునుగానే వస్తోంది. వెనక గోడ కూడా మొహమంత వెలుగుతోంది. పవర్ తగ్గిస్తే రెండూ కలిసి నల్లబడుతున్నాయి. ఎక్కడ తేడా కొడుతోందండీ?

కోట_జంక్షన్:
గోడకీ మొహానికీ తేడా పవర్‌తో రాదు, దూరంతో వస్తుంది. లైటు దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, అంటే రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు సగమవుతుంది). గొడుగు నుంచి మొహానికి 1 మీటరు, మొహం నుంచి గోడకి ఇంకో మీటరు ఉంటే గోడ రెండు స్టాప్‌లు తగ్గి ముదురుగా కనిపిస్తుంది. అదే గొడుగుని 2 మీటర్లకి జరిపితే గోడకి 3 మీటర్లు. తేడా ఒక స్టాప్ చిల్లరే. గొడుగు అడ్డమని గది మూలకి నెట్టేసి ఉంటారు, చాలామంది చేసేది అదే. దాని అంచు ఫ్రేములోకి వచ్చేదాకా దగ్గరికి లాగి, ఒక్క అంగుళం వెనక్కి తియ్యండి. దగ్గరైనకొద్దీ మొహం ముందు గొడుగు పెద్దదవుతుంది, ముక్కు నీడ అంచు కూడా మెత్తబడుతుంది.

తెల్లగొడుగు:
సెట్టింగుల వరస కూడా ముఖ్యమే. కెమెరా, ఫ్లాష్ రెండూ మాన్యువల్. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందన) 100, లెన్సు రంధ్రం ఎఫ్/5.6, షట్టర్ 1/160 సెకను. ఫ్లాష్ ఆపి ఒకటి తియ్యండి. ఫ్రేము నల్లగా రావాలి. రాకపోతే ట్యూబులైటు కూడా ఫొటోలో కలుస్తోందని అర్థం, ఆపెయ్యండి. ఇప్పుడు ఫ్లాష్ 1/16లో, అంటే ఫుల్ పవర్‌లో పదహారో వంతులో వేసి చూడండి. చాలకపోతే 1/8, అది సరిగ్గా ఒక స్టాప్ ఎక్కువ. షట్టర్ తగ్గించి ఫ్లాష్ వెలుగు పెంచుదామనుకోకండి. ఫ్లాష్ వెలిగి ఆరిపోయే సమయం ముందు 1/160 చాలా పొడుగు, మీరు 1/60 పెట్టినా మొహం మీద ఫ్లాష్ వెలుగు మారదు. మారేది గది వెలుగే.

ఇక ఎక్కడ అంటే, 45 డిగ్రీలని అందరూ అంటారు గానీ కోణమానినితో పనిలేదు. ముక్కు నీడ చూడండి. ఫొటో తీసే ముందు ఫోన్ టార్చి వెలిగించి గొడుగు ఉండాల్సిన చోట పట్టుకుని పక్కకీ పైకీ జరపండి. ముక్కు నీడ ఏటవాలుగా దిగి చెంప నీడని తాకగానే, అవతలి కంటి కింద వెలుగు ముక్కోణం ఒకటి మిగులుతుంది. స్టాండు అక్కడ పెట్టండి. నీడ పెదవి మీదకి దిగితే ఎత్తు ఎక్కువైనట్టు. కళ్లలో మెరుపు చుక్క లేకపోయినా అంతే, ఒక జానెడు దించండి.

బొబ్బిలి_తంత్రి:
ఆ పచ్చ గోడల సంగతి ఎవరూ ఎత్తలేదు. అసలు దొంగ అదే. తెల్ల గొడుగులోంచి వెలుగు ముందుకే కాదు, వెనక్కీ పక్కలకీ చిమ్ముతుంది. చిన్న గదిలో అది గోడలకి తగిలి నీడలన్నీ నింపేస్తుంది. మొహం చదునవడానికి సగం కారణం ఇది. పైగా నీడవైపు చెంపకి పచ్చదనం అంటుతుంది. వైట్ బ్యాలెన్స్‌తో (ఫొటో మొత్తం రంగు సరిచేసే సెట్టింగు) అది పోదు, ఒక చెంప సరిచేస్తే రెండోది గులాబీకి తిరుగుతుంది. నీడవైపు మొహానికి రెండడుగుల దూరంలో నల్ల దుప్పటి వేలాడదీయండి. నీడ మరీ ముదిరితే దుప్పటి ముందు తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టి, ముందుకీ వెనక్కీ జరిపి చూసుకోండి.

పొందూరు ఖద్దరు చొక్కాలాంటి తెల్లబట్ట వేసుకున్నవాళ్లకి ఇంకో చిక్కు: చొక్కా తెల్లగా పేలిపోతుంది. పవర్ తగ్గిస్తే మొహం పోతుంది. స్టాండు పెంచి గొడుగు నడిమి కడ్డీని కళ్లకి గురిపెడితే ఛాతీకి దూరం పెరిగి కాస్త వెలుగు తగ్గుతుంది. కళ్లద్దాల్లో గొడుగు కనిపిస్తే కాడల్ని చెవుల మీద కొంచెం పైకి లేపమనండి, అద్దం కిందకి వాలి గొడుగు బొమ్మ తప్పుకుంటుంది. కొబ్బరినూనె మెరుపుకి మాత్రం తువ్వాలే మందు.

నాగావళి_గట్టు:
దుప్పటితో నీడ వచ్చింది! ఇంకొకటి. షట్టర్ 1/320లో ఫ్రేము ఒక అంచున నల్ల పట్టీ. కళింగపట్నం బీచి ఎండలో తియ్యాలంటే షట్టర్ పెంచక తప్పదు కదా?

తెల్లగొడుగు:
సింక్ స్పీడు, అంటే ఫ్లాష్ ఫ్రేమంతా పడే గరిష్ఠ షట్టర్ వేగం, దాటారు. చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250. ఆపైన షట్టర్‌లోని మొదటి తెర పూర్తిగా తెరుచుకునేలోపే రెండోది మూతపడటం మొదలవుతుంది, అది కప్పిన భాగానికి ఫ్లాష్ అందదు. హై స్పీడ్ సింక్ (తెరలు కదిలినంతసేపూ ఫ్లాష్ వరసగా వెలిగే పద్ధతి) పెట్టుకోండి.

కోట_జంక్షన్:
ఒక్క ఫ్లాష్‌తో బీచిలో హై స్పీడ్ సింకా? సుమారు రెండు స్టాప్‌ల పవర్ అక్కడే పోతుంది, మళ్లీ గొడుగు ఇంకో రెండు తినేస్తుంది. లెక్క చూడండి. గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె, దాన్ని ఎఫ్ అంకెతో భాగిస్తే వెలుగు అందే దూరం) మీటర్లలో 40 అనుకుంటే ఎఫ్/11కి గొడుగు లేకుండా 3.6 మీటర్లు అందుతుంది, గొడుగుతో 1.8. అది ఫుల్ పవర్‌లో, మామూలు సింక్‌లో. 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 100లోనే ఉండి గొడుగు దగ్గరికి తెచ్చుకోవడం మేలు. వెనక మసకబారాలంటే లెన్సు రంధ్రం పెద్దది చెయ్యాలి, అప్పుడు ఎక్కువయ్యే వెలుగుని ఆపడానికి లెన్సుకి ఎన్‌డీ ఫిల్టర్ (నల్లటి అద్దం).

మనది తూర్పు తీరం కాబట్టి పొద్దుటే వెళ్లండి. సముద్రం వెనక పెడితే సూర్యుడు వీపు వెనక ఉండి జుట్టుకి అంచు గీస్తాడు, మొహం పని ఫ్లాష్‌ది. సాయంత్రమైతే ఎండ మొహాన కొట్టి కళ్లు చికిలిస్తారు.

బొబ్బిలి_తంత్రి:
గాలికి గొడుగు తెరచాపే. స్టాండు కాళ్ల మీద ఇసుక నింపిన గోనెసంచి వెయ్యండి, గొడుగుని గాలికి ఎదురుగా తిప్పకండి. ఇంటికొచ్చాక ట్రిగ్గర్ అడుగున ఉన్న లోహపు చుక్కల్ని పొడిగుడ్డతో తుడవండి. ఉప్పు తేమ పట్టి ఉంటే ఫ్లాష్ ఒకసారి వెలిగి ఒకసారి ఎగ్గొడుతుంది, మీరేమో బ్యాటరీలు మారుస్తూ కూర్చుంటారు.