లావోస్ హర్డిలర్ సైసా అనుసోన్ టైమింగ్స్‌కి గాలి వేగం వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

సైసా అనుసోన్ అంతర్జాతీయ ఫలితాలతో తెలుగులో ఒక పట్టిక తయారుచేస్తున్నాను. 2016 రియో ఒలింపిక్స్ సులువుగానే తేలింది. అక్కడ ఆయన పరిగెత్తింది 100 మీటర్లు, హర్డిల్స్ కాదు. హర్డిలర్‌కి అంత పెద్ద వేదికపై హర్డిల్సే లేకపోవడం నాకైతే వింతగా ఉంది.

చిక్కంతా 110 మీటర్ల హర్డిల్స్ దగ్గరే. వెనక గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ టైమింగ్ రికార్డుకి పనికిరాదు కాబట్టి ఆ అంకె లేకుండా పట్టిక వేయలేను. నాకు దొరికిన చోట టైమింగ్ ఉంది, గాలి కాలమ్ ఖాళీ. అథ్లెట్ల ప్రొఫైల్ పేజీలు, వికీపీడియా, పాత వార్తలు చూశాను. పేరు ముందూ వెనకా మార్చి, లావో లిపిలో కూడా వెతికాను. ఇండోర్ 60 మీటర్ల హర్డిల్స్‌కి ఈ తలనొప్పి లేదు, అక్కడ గాలి లెక్కే ఉండదు.

2015 సింగపూర్, 2017 కౌలాలంపూర్ ఆగ్నేయాసియా క్రీడల్లో 110 మీటర్ల హర్డిల్స్ హీట్స్, ఫైనల్ అధికారిక ఫలితాల షీట్లు, గాలి వేగంతో సహా, పీడీఎఫ్‌గానో స్కాన్‌గానో ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా?