"మార్గే శిలీభూతహిమే": లీ నా, లా నా?

ధ్రువతార: టండ్రా నేల మీద వ్యాసం రాస్తున్నాను. కాళిదాసు కుమారసంభవం మొదటి సర్గలో కిన్నర స్త్రీల నడక శ్లోకం ఉంది కదా, "మార్గే శిలా... హిమేఽపి యత్ర", మంచు రాయిలా గట్టిపడిన దారిలోనూ వాళ్లు నెమ్మది నడక వదలరని. అది "శిలాభూత"నా, "శిలీభూత"నా? రెండూ నోటికి వస్తున్నాయి. పర్మాఫ్రాస్ట్‌కి, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేలకి, ఆ మాటే వాడాలని ఉంది. "నిత్యహిమం" అని రాస్తే పైన పరుచుకున్న మంచు అనుకుంటున్నారు.

యతిమైత్రి: లీ. ఇక్కడ ఛందస్సు సాయపడదు. ఇంద్రవజ్ర వృత్తంలో నాలుగో అక్షరం గురువు, లా అయినా లీ అయినా సరిపోతుంది. వ్యాకరణమే తేల్చాలి. "అస్య చ్వౌ" అనే పాణిని సూత్రం ప్రకారం ఈకారం. భస్మీభూతం లాగే. ముందు శిల కానిది శిల అయింది అని అర్థం. లా పెడితే ఆ మార్పు పోతుంది.

పాతప్రతి: ఆ మార్పు ఉంది కాబట్టే పర్మాఫ్రాస్ట్‌కి కుదరదంటాను. శ్లోకంలో శిల అయింది హిమం. టండ్రాలో గట్టిపడింది నేల. వరసగా రెండేళ్లపాటు సున్నా డిగ్రీలు దాటని నేల ఏదైనా పర్మాఫ్రాస్టే, అందులో చుక్క నీరు లేకపోయినా సరే. ఇక హిమానికి అక్కడ పనేముంది?

ధ్రువతార: హిమం వదిలేసి "శిలీభూత భూమి" అంటే? నాకు కావలసింది ఆ గట్టిదనమే అండీ. ఏడాదికి వానా మంచూ కలిపి పడేది చాలాచోట్ల 250 మిల్లీమీటర్ల లోపే, ఎడారి లెక్క. అయినా వేసవిలో ఎటు చూసినా మడుగులే. పై పొర ఒక్కటే కరుగుతుంది, కింది నేల నీటిని ఇంకనివ్వదు. ఆ ఒక్క మాటలో ఇదంతా తెలియాలి.

శీతశైలం: ఇదే సర్గలో మూడో శ్లోకం వదిలేశారేం? "హిమం న సౌభాగ్యవిలోపి జాతం". మంచు ఉన్నా హిమవంతుడి అందం చెడలేదట, చంద్రుడిలో మచ్చలాగ కలిసిపోయిందట. అంటే దోషమని ఒప్పుకున్నట్టే కదా! టండ్రాలో మంచు దోషం కానే కాదు. ఎలుకల్లాంటి లెమ్మింగులు చలికాలమంతా మంచు అడుగునే గూళ్లు కట్టుకుని పిల్లల్ని కంటాయి. మంచు కప్పిన కొమ్మ బతుకుతుంది, పైకి తేలిన కొమ్మని గాలిలో ఎగిరే మంచు రవ్వలు గీరేస్తాయి. అందుకే ఆర్కిటిక్ విల్లో అనే పొద నేలని అంటుకుని పాకుతుంది. అక్కడ హిమమే సౌభాగ్యం.

యతిమైత్రి: అదే శ్లోకంలో "ఏకో హి దోషః", గుణాల మధ్య ఒక్క దోషం మునిగిపోతుంది అన్న కవి దారిద్ర్యాన్ని చూడలేదు, అది గుణరాశినాశి, గుణాలన్నిటినీ చెరిపేస్తుంది అని ఎదురు శ్లోకం ఒకటి ఉంది. విలోపి, నాశి, రెండూ ఒకే అచ్చు. ఇంకోటి, "విలోపి" బదులు "విలోపకం" అని చదివేవాళ్లున్నారు. పదకొండు ఉండాల్సిన పాదం పన్నెండు అక్షరాలవుతుంది, ఒప్పుకోకండి.

పాతప్రతి: శీతశైలం గారూ, మంచు మంచుగా ఉన్నంతవరకే మీ సౌభాగ్యం. 2013 నవంబరులో రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో మంచు మీద వాన పడి గడ్డకట్టింది. 61 వేల రెయిన్‌డీర్లు ఆకలితో చనిపోయాయి. డెక్కలతో మంచు తవ్వి లైకెన్లు తింటాయవి, ఆ పెంకుని మాత్రం పగలగొట్టలేకపోయాయి. శిలీభూతహిమం అంటే అదీ! మాటని దానికి అట్టిపెట్టండి, నేలకి వద్దు.

శీతశైలం: ఒప్పుకోను. "హిమానీ హిమసంహతిః" అని అమరకోశంలో అమరుడు మరో మాట ఇచ్చాడు. పెంకుకి అది వాడుకోవచ్చు.

పాతప్రతి: హిమానీ అంటే మంచు రాశి. అంగుళం పెంకు రాశి ఎలా అవుతుంది?

భూర్జపత్రం: అసలు కాళిదాసు మనల్ని టండ్రా దాకా తీసుకెళ్లాడా అన్నది నా ప్రశ్న. ఏడో శ్లోకంలో భూర్జం, అంటే బిర్చి చెట్టు, ఉంది. హిమాలయాల్లో చాలాచోట్ల చెట్ల హద్దు దగ్గర నిలబడేది అదే. దాని పైన పొదలు, గడ్డి, బ్రహ్మకమలం, అంటే ఆల్పైన్ టండ్రా. పదకొండులో శిలీభూతహిమం, పదమూడులో చమరీమృగాలు. కవి హద్దు దాటి ఎక్కుతున్నాడు, చూడండి.

యతిమైత్రి: పదిహేనులో "కంపితదేవదారుః" అని మళ్లీ అడవిలోకి దిగాడు. ఎత్తు క్రమం ఆయన పెట్టుకోలేదు. అన్నట్టు మనుచరిత్రలో పెద్దన హిమాలయాన్ని "శీతశైలమున్" అన్నాడు, హిమం అనలేదు.

శీతశైలం: నా పేరే అది! "సాలము శీతశైలమున్", ఆ స కార శ కారాల వరస కోసం అన్నాడు. పైగా ప్రవరుణ్ణి అక్కడికి చేర్చిన కాలి పసరు కరిగించింది మంచే కదా, శిలీభూతమైతే పసరు నిలిచేది.

భూర్జపత్రం: పెద్దనని తర్వాత చూద్దాం. ఉత్తరాన, ఆర్కిటిక్‌లో, చెట్ల హద్దుకి కొలత వేసవి వేడి. జులై సగటు 10 డిగ్రీలు అందని చోట చెట్టు నిలవదు. హిమాలయాల్లోనూ హద్దు గీసేది ఎండాకాలపు చల్లదనమే, చలికాలపు మంచు కాదు. అందుకే హిమంతో మొదలైన ఏ మాటా టండ్రాకి సరిపోదంటాను.

ధ్రువతార: మరి పర్మాఫ్రాస్ట్‌కి ఏం రాయమంటారు? రేపు పంపాలి.

యతిమైత్రి: "హిమేఽపి"లో అపి, అంటే "అయినా" అన్న మాట, దేనికి అన్వయిస్తుందో ముందు చెప్పండి. మార్గానికా, మందగతికా?