రొయ్యల చెరువు గట్టు మీద సినిమా పాటలు: విశ్వాసి వినొచ్చా, వినకూడదా?

రాజోలు కీబోర్డు:
అందరికీ వందనాలు. మాది రాజోలు దగ్గర పల్లె. ఆదివారం మందిరంలో కీబోర్డు వాయిస్తాను. మిగతా రోజులు రొయ్యల చెరువు దగ్గర నైట్ డ్యూటీ. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల హోరులో నిద్ర రాకుండా చెవిలో పాటలు పెట్టుకోవడం నాకు అలవాటు. ఇళయరాజా, రెహమాన్, ఈ మధ్య తెలుగు ర్యాప్ కూడా. పోయిన నెల యూత్ కూటంలో పాస్టర్ గారు, ఫోన్లో లోకపు పాటలు ఉన్నవాళ్ళు ఇప్పుడే తీసేయండి అన్నారు. అందరితో పాటు నేనూ తీసేశాను. ఇంటికొచ్చాక అనుమానం మొదలైంది. ఆదివారం నేను కీబోర్డు మీద వేసే కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాలు) సగం ఆ పాటలు విని నేర్చుకున్నవే. వినడం తప్పయితే ఆ వాయింపు మందిరానికి ఎలా పనికొస్తోంది? గొడవ కోసం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

నరసాపురం పెద్దాయన:
బాబూ, 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు వేసిన బ్రదరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ సంఘాల్లో పెరిగినవాళ్ళం మేము. రొట్టె విరిచే కూటంలో మాకు హార్మోనియం కూడా లేదు, గొంతులే. దానికే కళ్ళు చెమర్చేవి. పాట మెల్లగా మనిషిలోకి దిగుతుంది. ప్రసంగం మధ్యాహ్నం భోజనానికే మర్చిపోతాం. పాట మాత్రం బుధవారం పొలంలో కూడా నోట్లో ఆడుతూ ఉంటుంది. అందుకే భయపడాలి. మీ పాస్టర్ గారు తప్పేం చెప్పలేదు.

రాజమండ్రి మాస్టారు:
పెద్దాయన గారి భయం నాకు అర్థమైంది. అయితే ఒక్కసారి ఇంట్లో ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. ఆ రాగాలు ఆకాశం నుంచి మనకొక్కరికే ఊడిపడలేదు. వాటిలో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) బాప్తిస్మం తీసుకునేనాటికి త్యాగరాజు ఇంకా బతికే ఉన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట లేదు. చుట్టూ జనం పాడుకునే సంగీతంలోనే ఆయన క్రీస్తును పాడారు. ఇవాళ మనకవి పరిశుద్ధమైన పాత పాటలు!

ఐరోపాలోనూ అంతే. హాస్లర్ అనే జర్మన్ సంగీతకారుడు 1601లో అచ్చు వేసిన ప్రేమపాట వరసే తర్వాత సిలువ శ్రమల పాటకు వరస అయింది. తర్వాతి కాలపు జర్మన్ సంగీతకారుడు బాఖ్ దాన్ని మత్తయి సువార్త శ్రమల సంగీతంలో మళ్ళీ మళ్ళీ వాడుకున్నాడు. ఇక అపొస్తలుడు పౌలు ఏథెన్సులో నిలబడి మీ కవులే అన్నారు కదా అని వాళ్ళ కవి మాటే ఎత్తి చెప్పాడు (అపొస్తలుల కార్యములు 17:28). వినకుండా, చదవకుండా ఆ మాట నోటికి వస్తుందా?

నరసాపురం పెద్దాయన:
మాస్టారూ, ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన మీ లూథర్ సంగతి కూడా చెప్పండి మరి. క్రిస్మస్ పాటను 1535లో జానపద వరసలో వేశాడు, 1539కల్లా వేరే వరస పెట్టుకున్నాడు. నాలుగేళ్ళు!

రాజమండ్రి మాస్టారు:
హహ, దొరికిపోయాను. నిజమే, మార్చాడు. ముందు వాడి చూశాడన్నది కూడా నిజమే కదండీ.

పాలకొల్లు అక్క:
వరసలు, రాగాలు నాకు తెలియవు తమ్ముడూ. మా ఇంటి సంగతి చెప్తాను. మా ఆయన రక్షణ పొందకముందు ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవారు. ప్రోగ్రాం అయ్యాక మందు. తెల్లవారుజామున ఎవరో ఒకరు ఇంటి దగ్గర దింపేవాళ్ళు. తాగుడు మానేసి పదకొండేళ్ళయింది. ఇప్పటికీ పెళ్ళి ఊరేగింపులో ఆ పాత బీట్ వినపడితే ఆయన వేళ్ళు తొడ మీద ఆడతాయి, వెనకాలే నాలుక పిడచకట్టుకుపోతుందట. ఆ పాటల్లో మాటలు చాలావరకు మంచివే. అమ్మ మీద పాట కూడా ఉంది వాటిలో. అయినా మా ఇంట్లో పెట్టం. పాటలో పాపం ఉందని కాదు, ఆయన కోసం.

విగ్రహాలకు పెట్టిన మాంసం గురించి పౌలు కొరింథు సంఘానికి రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, చెప్పింది ఇదే అనుకుంటాను. విగ్రహం వట్టిదేనన్నాడు, అయినా తన తిండి వల్ల సహోదరుడు పడిపోతే మాంసమే ముట్టనన్నాడు. అలాగని కొరింథులో మాంసం కొట్లు మూయించమనలేదు. కటికవాడి అంగట్లో అమ్మేది ఏమీ అడక్కుండా తినమని అదే పత్రికలో రాశాడు. మీ పాస్టర్ గారు మా ఆయనకి రాయాల్సిన మందు ఊరందరికీ రాసినట్టున్నారు.

భీమవరం గిటార్:
అక్కా, సూపర్. నాది ఇంకో గోల. సినిమా పాటలనే జల్లెడ పడుతున్నాం, మన పాటలను ఎవరు పడతారు? యూట్యూబ్‌లో కొన్ని కొత్త పాటలు చూడండి: కారు ఇస్తావు, వీసా ఇస్తావు, శత్రువు నోరు మూయిస్తావు. డ్రోన్ షాట్, స్లో మోషన్, గాయకుడి కోటు. కింద కామెంట్లలో అందరూ ఆమెన్. ఆమోసు ప్రవక్త గ్రంథం 5:23లో దేవుడు ఆపమన్నది అన్యుల పాటలను కాదు, తన జనం ఆరాధన పాటలనే. న్యాయం నీళ్ళలా పారనివ్వండి అని తర్వాతి వచనం. కాలవల కింద బతికే మనకి ఆ పోలిక ఒకరు విప్పి చెప్పాలా?

రాజమండ్రి మాస్టారు:
పాతకాలపు క్రైస్తవ గురువు అగస్టీను తన ఒప్పుకోలు పుస్తకం పదో భాగంలో ఇదే బాధపడ్డాడు. గుడిలో కీర్తన వింటూ మాటల కంటే గొంతుకే కరిగిపోతే అది తన పాపమని, అప్పుడు అసలు వినకపోతే బాగుండునని రాశాడు. అయినా గుడిలో పాట మాన్పించమనలేదు.

రాజోలు కీబోర్డు:
రెండు రాత్రులు ఒక పని చేశాను. తీసేసిన వాటిలో పది పాటలు మళ్ళీ పెట్టి, మేత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో మాటలు రాసుకున్నాను. చిన్నప్పటి నుంచి పాడుతున్న ఒక పాటలో అమ్మాయి వద్దన్నా వెంటపడటమే ప్రేమ. ట్యూన్ మత్తులో నేనెప్పుడూ గమనించలేదు. అది పోయింది, ఇంకో మూడు కూడా. ర్యాప్ ఒకటి ఉంచాను. అప్పు చేసి గల్ఫ్ వెళ్ళిన కొడుకు ఇంటికి ఫోన్ చేసి అంతా బాగుందని అబద్ధం చెప్పే పాట. అది వింటుంటే మా అన్నయ్య కోసం ప్రార్థన చేయాలనిపించింది, చేశాను కూడా. తర్వాత మా మందిరం పాట ఒకదాని మాటలు కూడా అలాగే రాసి చూశాను. నేను, నాకు, నా అన్న మాటలు ఇరవై మూడు. పక్కింటివాడు ఒక్కసారి కూడా లేడు.

ఇదంతా పాస్టర్ గారికి చెప్పాలి. కొంచెం టెన్షన్‌గా ఉంది.

పాలకొల్లు అక్క:
పుస్తకం తీసుకెళ్ళి చూపించు తమ్ముడూ. వాదించకు.

నరసాపురం పెద్దాయన:
ఆ గల్ఫ్ పాట నాకూ పంపావు కదా. మనవరాలు చెవిలో పెట్టింది. రెండుసార్లు విన్నా ఒక్క ముక్క అందలేదు, అంత జోరు. మాటలు టైపు చేసి పెట్టు బాబూ. చదివాకే తిడతాను.