హ్యాంగ్ అయింది, నెట్ పోయింది: ఇంగ్లిష్, పోర్చుగీసుల్లో ఎలా అంటారు?

డెస్క్‌బాయ్:
మా హెల్ప్‌డెస్క్‌కి బ్రెజిల్, పోర్చుగల్ కస్టమర్లను కలుపుతున్నారు. కాల్స్ ఇంగ్లిష్‌లోనే గానీ వాళ్లు వాయిస్ మెసేజ్‌లు పోర్చుగీసులో పెడతారు. వినగానే సమస్య ఏమిటో పట్టుకోవాలి. పుస్తకాల్లోవి కాకుండా, జనం వాడే మాటలు చెప్పండి. ఇంగ్లిష్‌లో మనవాళ్లు ఎక్కడ తడబడతారో కూడా.

లాగ్‌ఫైల్:
ఇంగ్లిష్‌లో మొదటి తంటా రిపేరుతోనే. మనకి "ఫోన్ రిపేరైంది" అంటే పాడైందని. "ఇట్ గాట్ రిపేర్డ్" అంటే అవతలివాళ్లకి బాగైందని అర్థం, టికెట్ (మీ ఫిర్యాదు నమోదు) మూసేస్తారు. "ఇట్ స్టాప్డ్ వర్కింగ్" అనండి.
తెర కదలకుండా, మౌస్ కీబోర్డు పలకకుండా ఉంటే "ఇట్ ఫ్రోజ్". యాప్ దానంతటదే మూసుకుపోతే "ఇట్ క్రాష్డ్". ఈ తేడా ముఖ్యం. క్రాష్ అయితే సాధారణంగా లాగ్‌లో, అంటే జరిగినవన్నీ సిస్టమ్ రాసుకునే ఫైల్లో, ఎర్రర్ దొరుకుతుంది. ఫ్రీజ్ అయితే చాలాసార్లు ఏమీ ఉండదు, మెమరీ, డిస్క్ వాడకం చూడాలి.
ఛార్జింగ్ ఎక్కకపోతే "ఇట్ వోంట్ ఛార్జ్". ఇక్కడ వోంట్ భవిష్యత్తు కాదండీ, ఎంత ప్రయత్నించినా మొరాయిస్తోందని.

లిస్బన్‌లైన్:
పోర్చుగీసులో చాలా ఫిర్యాదులు ఒక్క క్రియతో అయిపోతాయి. బ్రెజిల్‌లో హ్యాంగ్ అయితే "త్రవో", పోర్చుగల్‌లో "బ్లుకియో". నెట్, సర్వర్, కాల్ ఏది పోయినా రెండు చోట్లా "కయివ్", అంటే పడిపోయింది. "దెజ్‌లిగో సొజీన్యు" అంటే దానంతటదే ఆఫైంది.
"నావ్ఁ లీగ" అంటే ఆన్ అవట్లేదు. కానీ అదే క్రియ ఫోన్ చేయడానికీ వాడతారు. మొబైల్ సమస్య అయితే పవర్ రావట్లేదా, కాల్స్ వెళ్లట్లేదా అని తప్పకుండా అడగండి. కాల్స్ వెళ్లకపోతే స్పష్టంగా చెప్పేవాళ్లు "నావ్ఁ ఫజ్ షమాదస్" అంటారు.
వస్తువుల పేర్లూ మారతాయి. తెర బ్రెజిల్‌లో "తెల", పోర్చుగల్‌లో "ఇక్రాఁ". మొబైల్ "సెలులార్", "తెలెమోవెల్". ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే "అతొలాదు", "ఎంక్రవాదు". మౌస్‌ని పోర్చుగల్‌లో ఎలుక అనే అంటారు, "రాతు". ఆఫీసులో ఎలుకలు తిరుగుతున్నాయని కంగారుపడకండి.

డెస్క్‌బాయ్:
ధన్యవాదాలండీ. మాటిమాటికీ హ్యాంగ్ అవుతోంది అనాలంటే?

లిస్బన్‌లైన్:
ఇంగ్లిష్‌లో "ఇట్ కీప్స్ ఫ్రీజింగ్". బ్రెజిల్‌లో "ఫీక త్రవాందు". పోర్చుగల్‌లో వాక్యం తీరే వేరు: "ష్తా సెంప్ర అ బ్లుకియార్". ఒక్కసారి జరిగిందా, పదేపదే జరుగుతోందా అన్నది వీటితోనే తెలుస్తుంది.

లాగ్‌ఫైల్:
బ్రెజిల్ వాళ్లు "దెవ్ పావ్" అంటే మొత్తం మొరాయించిందని. విని అర్థం చేసుకోండి, మీరు మాత్రం అనకండి, ఆ రెండో మాటకి బూతర్థం ఉంది. "దెవ్ ఎహు", అంటే ఎర్రర్ వచ్చింది, అది ఎవరితోనైనా అనొచ్చు. ఆ వెంటనే తెర మీద వచ్చిన మెసేజ్ ఫొటో అడగండి.